కొత్త కంపెనీ మడత చాకు: లాకు జారిపోతోంది, వాళ్ళేమో "వాడగా వాడగా సెట్ అవుద్ది" అంటున్నారు, ఏటి చెయ్యమంటారు?

ఉద్దానం నర్సరీ (రాత్రి 9:12)

అందరికీ నమస్తే. మాది కవిటి సైడు, చిన్న జీడిమొక్కల నర్సరీ, అంట్లు కట్టడమే పని. ఇన్నాళ్ళూ గెడ్డం బ్లేడు ముక్కలతోనే లాగించేశాం గానీ అవి జేబులో ఏసుకుని తిరగలేం, సగం రోజు ఎక్కడ పడిపోయిందో వెతుక్కోవడంతోనే సరిపోతాది. అందుకని ఒక కొత్త కంపెనీ, మన దేశంలోదే, ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు కలిసి మడత చాకులు చేస్తున్నారని ఇన్‌స్టాలో చూసి ప్రీ-ఆర్డర్ పెట్టాను. 2,650 రూపాయలు. మా ఆవిడకి 800 అని చెప్పాను, అది వేరే కథ. కంపెనీ పేరు ఇక్కడ రాయను, ఎందుకో కింద చదివితే మీకే తెలుస్తుంది.

డీ2 అనే రకం స్టీలు, లైనర్ లాకు (తెరిచాక లోపలి పట్టీ అడ్డం పడి బ్లేడు మడతపడకుండా ఆపేది), మైకార్టా పిడి (గుడ్డ పొరల్ని రెజిన్‌తో అతికించి గట్టిగా చేసేది). మూడు వారాలన్నారు, అయిదు వారాలకి వచ్చింది, పోనీలే కొత్తోళ్ళు కదా అనుకున్నా. డబ్బా తెరిస్తే చూడ్డానికి ముచ్చటగా ఉంది. పదును అయితే మామూలుగా లేదు, చేతి మీద వెంట్రుకలు రాలిపోయాయి. కానీ మడిచి చూస్తే బ్లేడు మధ్యలో లేదు, ఒక పక్కకి ఒరిగి లోపల పట్టీని రాసుకుంటోంది, అప్పటికే చిన్న గీత పడిపోయింది. సరే, కోతకి దానికి సంబంధం లేదు కదా అని ఊరుకున్నాను.

అసలు సంగతి నాలుగో రోజు. అంటు కట్టేవాళ్ళకి తెలుసు, కింద మొక్క తల కోసేసి మధ్యలోంచి ఒక రెండంగుళాలు చీల్చాలి, పైన పెట్టే పుల్లని రెండు పక్కలా ఏటవాలుగా ఒక్క లాగులో చెక్కాలి. చీల్చేటప్పుడు బ్లేడు ఒకోసారి పుల్లలో బిగుసుకుంటాది. దాన్ని కొంచెం వెనక్కీ ముందుకీ ఊపి లాగుతాం. అలా ఊపాను అంతే, టప్ మని లాకు జారి బ్లేడు మడతపడిపోయింది. చూపుడు వేలు కణుపు దగ్గర తెగింది. కుట్లు దాకా పోలేదు గానీ రెండ్రోజులు కట్టు కట్టుకునే తిరిగాను.

వాట్సాప్ పెడితే గంటలో రిప్లై. ఎంత మర్యాదగా మాట్లాడాడంటే తిడదామని మొదలెట్టిన నేనే "పర్లేదు తమ్ముడూ" అన్నాను. పంపించండి సార్ చూస్తాం అన్నాడు. సోంపేట వెళ్ళి కొరియర్లో వేద్దామంటే లోపల ఏటుందని అడిగి, చాకు అనగానే ఆ కౌంటర్లో కుర్రోడు డబ్బా మీద చెయ్యి తీసేశాడు. బిల్లూ అదీ చూపించి బతిమాలితే 140 తీసుకుని వేశాడు. పన్నెండు రోజులకి తిరిగొచ్చింది. చేత్తో రాసిన క్షమాపణ కార్డు, ఒక స్టిక్కరు, ఫ్రీగా తోలు పౌచు. బ్లేడు ఇప్పుడు నట్టనడుమ ఉంది, ఆయిలు వేశారు, సిల్కులా తెరుచుకుంటోంది. లాకు మాత్రం మళ్ళీ అదే. బొటనవేలితో బ్లేడు వీపు మీద, అదే పదును లేని వైపు, గట్టిగా నొక్కితే జారిపోతోంది.

మళ్ళీ ఫోన్ చేస్తే "సార్, కొత్త చాకు కదా, వాడగా వాడగా లాకు సెట్ అవుద్ది, బ్లేడు వీపు మీద నొక్కడం సరైన వాడకం కాదు" అంటున్నాడు. ఇది నిజమేనా? మళ్ళీ పంపాలా, డబ్బులు అడగాలా, లేకపోతే నేనే స్క్రూ బిగించుకుంటే సరిపోద్దా? కుర్రోడు మంచోడు, చాకు కూడా నాకు నచ్చింది, అందుకే ఈ తిప్పలు.

ఆమదాలవలస ప్యాసింజర్ (రాత్రి 9:30)

2,650 ఎట్టి ఏలు కోసుకున్నావా బావు. మా సంతలో 150 ఇస్తే కోసీది 😀 పైగా దానికి లాకే ఉండదు కాబట్టి జారీ పనే లేదు.

కొలిమి పక్కోడు (రాత్రి 10:05)

జోకులు పక్కన పెడదాం. మాది గజపతినగరం దగ్గర, మా తాతా నాన్నా కొలిమి పనే, కొడవళ్ళూ కత్తిపీటలూ. నేను ఆ పని వదిలేసి విజయనగరంలో వెల్డింగ్ షాపు పెట్టుకున్నాను గానీ చాకుల పిచ్చి మాత్రం పోలేదు.

ముందు రెండూ విడదీసి చూడు అన్నా. బ్లేడు పక్కకి ఒరగడం వేరు, లాకు జారడం వేరు. మొదటిది అందానికి సంబంధించింది, పివట్ స్క్రూ, అంటే బ్లేడు తిరిగే ఇరుసు స్క్రూ, కాస్త అటూ ఇటూ తిప్పితే చాలాసార్లు సర్దుకుంటాది, వాళ్ళు నీకు చేసి పంపింది అదే. రెండోది వేళ్ళకి సంబంధించింది. లోపల స్ప్రింగులా వంగి ఉండే పట్టీ ఉంది చూడు, బ్లేడు తెరవగానే అది పక్కనుంచి వచ్చి బ్లేడు మడమ, అంటే పిడి వైపు ఉండే మొదలు, దాని కింద చెక్కలా అడ్డం పడాలి. ఆ మడమని కొద్దిగా ఏటవాలుగా, ఒక ఏడెనిమిది డిగ్రీలు కోస్తారు. వాలు సరిగ్గా ఉంటే నువ్వు ఎంత నొక్కితే పట్టీ అంత బిగుస్తుంది. వాలు ఎక్కువైపోతే మాత్రం నువ్వు నొక్కే కొద్దీ అది జారుడుబల్ల. స్క్రూ బిగిస్తే పోయే రోగం కాదు అది.

"వాడగా వాడగా సెట్ అవుద్ది" అన్నది తెరవడం మూయడం విషయంలో నిజమే, వాషర్లు అరిగి నున్నబడతాయి. లాకు కూడా కొన్ని వందల సార్లు తెరిచాక ఒక వెంట్రుకవాసి లోపలికి జరిగి కూర్చుంటాది. కానీ బొటనవేలితో నొక్కితే జారేది వాడకంలో బాగవదు, ఈలోపు నీ ఇంకో వేలు పోతాది. ఆ కుర్రోడు అబద్ధం చెప్తున్నాడని అనను, బహుశా అతనికే తేడా తెలీదేమో.

ఒక పని చెయ్. నల్ల మార్కర్ పెన్ను తీసుకో, సీడీల మీద రాసేది. బ్లేడు సగం తెరిచి, లైనర్ వచ్చి ఆనే ఆ మడమ అంచంతా నల్లగా పూసి ఆరనియ్యి. తరవాత ఒక ఇరవై సార్లు తెరిచి మూసి చూడు. పట్టీ ఎక్కడ ఆనుతోందో అక్కడ మాత్రమే సిరా గీకినట్టు పోతాది. పట్టీ మందంలో కనీసం మూడో వంతన్నా ఆనాలి. అదేటో చూసి చెప్పు. ఇంకోటి, బల్లకేసి బ్లేడు వీపు కొట్టి చూడమని యూట్యూబులో చూపిస్తారు, అది చెయ్యకు, బాగున్న లాకు కూడా పాడవుద్ది. గుడ్డ మడత పెట్టి దాని మీద ఆనించి మెల్లిగా నొక్కితే చాలు, వేళ్ళు మాత్రం బ్లేడు దారికి అడ్డం లేకుండా చూసుకో.

గంటస్తంభం (రాత్రి 10:40)

నేనూ అదే కంపెనీ చాకు కొన్నాను, ఫొటో పెట్టకపోయినా తోలు పౌచు అనగానే తెలిసిపోయింది. నాదీ ఫస్ట్ బ్యాచే. మూడు నెలలైంది, ఆఫీసులో పార్సిళ్ళు తెరవడం, ఇంట్లో మామిడికాయలు, ఒక్క ప్రాబ్లం లేదు. బ్లేడు కూడా నడుమనే ఉంది.

మనోళ్ళతో ఇదే బాధండీ. స్విట్జర్లాండ్ విక్టోరినాక్సోడు 1884 నుంచి చేస్తున్నాడు, వాడికి 140 ఏళ్ళు టైమిచ్చారు, మన కుర్రాళ్ళకి మూడు నెలలు ఇవ్వరు. వాళ్ళు ఫోన్ ఎత్తుతున్నారు, ఫ్రీగా సర్వీసు చేసి పౌచు కూడా పెట్టి పంపారు, ఇంకేం కావాలి? పెద్ద పెద్ద ఫ్రిజ్ కంపెనీలకి ఫోన్ చేసి చూడండి, ఒకటి నొక్కండి రెండు నొక్కండి అంటాడు గంటసేపు. వాడకం కూడా చూసుకోవాలి కదా, మడత చాకుని కర్రలో దిగ్గొట్టి ఊపితే ఏ చాకైనా మడతపడుతుంది.

కొలిమి పక్కోడు (రాత్రి 10:52)

మాస్టారూ, మడతపడకూడదనే కదా లాకు పెట్టింది. లాకు లేని చాకని అమ్మితే ఆయన ఊపేవాడే కాదు. స్విస్ చాకుల్లో చిన్నవాటికి లాకు ఉండదు, స్ప్రింగు మాత్రమే, అది అందరికీ తెలుసు కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాడతారు. లాకు ఉందని నమ్మించి జారేది దానికన్నా ప్రమాదం.

పైడిభీమవరం బి షిఫ్ట్ (రాత్రి 11:58)

డ్యూటీ బ్రేకులో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. మందుల ఫ్యాక్టరీలో క్యూసీలో, అంటే సరుకు నాణ్యత చూసే సెక్షన్లో, తొమ్మిదేళ్ళు. చాకుల గురించి నాకు తెలిసింది ఉల్లిపాయలు కోయడం వరకే, అయినా ఈ కథ వింటుంటే మా ఫ్లోర్ గుర్తొచ్చింది.

మా దగ్గర ముడిసరుకు వంద బస్తాలు వచ్చాయనుకోండి, అన్నీ విప్పి చూడం. రూట్ ఎన్ ప్లస్ వన్ అని ఒక లెక్క, వందకి వర్గమూలం పది, దానికి ఒకటి కలిపి పదకొండు బస్తాల్లోంచి శాంపిల్ తీస్తాం. బస్తాలో పొడి అంతా ఒకే చోట కలిసి తయారైంది కాబట్టి అక్కడ అది నడుస్తుంది. చాకు అలా కాదు కదా, ఒక్కొక్కటీ విడిగా చేత్తో బిగించేది. 400 చాకులు చేసి ఆ లెక్కన 21 చూసి పంపేస్తే మిగతా 379 చెక్ చేసేది ఎవరు? మన ఉద్దానం అన్న, ఆయన వేలితో. పిడి రంగు, డబ్బా మీద ప్రింటు, అవి శాంపిల్ చూసుకోవచ్చు. మనిషికి దెబ్బ తగిలించే లాకు లాంటిది మాత్రం ఒక్కోటీ చెయ్యి పెట్టి నొక్కి చూశాకే డబ్బాలో పెట్టాలి. చాకుకి అర నిమిషం కూడా పట్టదు.

రెండో సంగతి. అన్నా మీరు కంప్లయింట్ పెడితే వాళ్ళు మీ చాకు తీసుకున్నారు, ఏదో చేసి పంపారు. మా దగ్గర అయితే బయటినుంచి ఒక కంప్లయింట్ వస్తే మొదటి ప్రశ్న "బ్యాచ్ నంబరెంత?" అనే. ఆ బ్యాచ్‌లో మిగతా సరుకు ఎక్కడెక్కడికి పోయింది, దాచిపెట్టిన శాంపిల్‌లో కూడా అదే తేడా ఉందా, మిషన్ సెట్టింగ్ ఏ రోజు మారింది, ఇదంతా తవ్వి కాగితం మీద పెట్టేదాకా మా మేనేజర్ నిద్రపోడు, మమ్మల్నీ పోనివ్వడు. కంప్లయింట్ ఇచ్చినాయన టాబ్లెట్ మార్చి ఇచ్చి పంపించేస్తే దాన్ని సర్వీసు అంటారేమో గానీ క్వాలిటీ అనరు.

మీ చాకు మీద ఎక్కడైనా నంబరుందా? బ్లేడు మీద గానీ డబ్బా మీద గానీ. గంటస్తంభం గారూ, మీ దాని మీద?

బ్రేక్ అయిపోయింది, వెళ్తున్నా.

ఉద్దానం నర్సరీ (మర్నాడు ఉదయం 6:35)

మార్కర్ పెట్టి చూశానండీ. పిల్లాడి పెన్ను తీసుకున్నానని వాడు ఏడుపు. మడమ మొత్తం నల్లగా పూసి ఇరవై కాదు ముప్పై సార్లు తెరిచి మూశాను. సెల్లు లైటు వేసి చూస్తే మొత్తం నలుపు అలాగే ఉంది, ఒక్క మూల మీద మాత్రం ఆవగింజంత చుక్క తెల్లగా మెరుస్తోంది. పట్టీ మందంలో పదో వంతు కూడా లేదు. అంటే ఇన్నాళ్ళూ ఆ ఆవగింజ మీద నా వేళ్ళు పెట్టుకుని పని చేశాను.

నంబరంటారా, ఎక్కడా లేదు. డబ్బా మీద "చేతితో ప్రేమగా తయారు చేసినది" అని ఉంది.

ఆమదాలవలస ప్యాసింజర్ (ఉదయం 7:02)

ప్రేమకి బ్యాచ్ నంబరుండదు బావు

పలాస పప్పు (ఉదయం 8:20)

నర్సరీ తమ్ముడూ, మాది జీడిపప్పు యూనిట్, మా దగ్గర ఆడవాళ్ళు రోజంతా చిన్న చాకులతో పప్పు మీద పొర తీస్తారు. ఒక్కొక్కరికీ తన చాకు తనదే, వేరేవాళ్ళది ముట్టనివ్వరు. మడిచే చాకు మేం ఎప్పుడూ వాడలేదు, మడత ఉన్న చోట జీడి రసం, దుమ్ము చేరి రెండో రోజుకి పట్టేస్తుంది. మీ పని కూడా రోజుకి వందల సార్లు ఒకే కోత కదా, నన్నడిగితే మడత లేని చిన్న చాకు, దానికి తోలు ఒర, నడుముకి కట్టుకో. విడిగా అంటు కట్టే చాకులే దొరుకుతాయి, ఆ స్విస్ కంపెనీ కూడా చేస్తుంది.

ఇంకో మాట. కొత్త కంపెనీ నుంచి నేనూ సరుకు కొన్నాను, వేయింగ్ మిషన్లు. అమ్మినాయన ఎంత మంచోడో చెప్పలేను, ఫోన్ చేస్తే వచ్చేస్తాడు, టీ కూడా తాగడు, బాగుచేసి వెళ్ళిపోతాడు. ఏడాదిలో పదకొండు సార్లు వచ్చాడు. పన్నెండోసారి నేనే ఫోన్ చెయ్యలేదు, వేరే మిషన్ కొనేశాను. మంచితనం చూసి మనం ఆగిపోతాం, అక్కడే పోతాది డబ్బు.

లా పాయింటు (ఉదయం 9:45)

శ్రీకాకుళం కోర్టు దగ్గరే ఉంటాను, కానీ ఇది ఫీజు తీసుకుని ఇచ్చే సలహా కాదు.

మొదటిది, మీరు స్క్రూలు విప్పకండి. విప్పితే "మీరే పాడుచేశారు" అనే మాట వాళ్ళ చేతిలో పెట్టినట్టు. రెండు, వాట్సాప్ ఒక్కటే కాకుండా ఈమెయిల్ కూడా పెట్టండి, అందులో కొన్న తేదీ, పంపిన తేదీ, తిరిగొచ్చిన తేదీ, వేలు తెగిన సంగతి, లాకు జారే వీడియో. కోపంగా రాయనక్కర్లేదు, తేదీలుంటే చాలు. మూడు, ఆన్‌లైన్‌లో వ్యాపారంగా అమ్మేవాడు చిన్నవాడైనా పెద్దవాడైనా 2020లో వచ్చిన ఈ-కామర్స్ రూల్స్ కిందకి వస్తాడు. గ్రీవెన్స్ ఆఫీసర్ అని ఫిర్యాదులు చూసే ఒకరిని పెట్టాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ముగ్గురు కుర్రాళ్ళ కంపెనీలో ఆ ఆఫీసరూ ఆ ఫోన్ ఎత్తే అబ్బాయే అయ్యుంటాడు, అది వేరే సంగతి.

అప్పటికీ కాకపోతే 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. దాంతోనే చాలా తేలిపోతాయి. ఇంకా కాదంటే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక వాళ్ళ కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, అయిదు లక్షల లోపు విలువకి ఫీజు లేదు, టైము రెండేళ్ళు. "నర్సరీ వ్యాపారానికి కొన్నాడు కాబట్టి కన్స్యూమర్ కాదు" అని ఎవరైనా అంటే నమ్మకండి, సొంత జీవనోపాధికి తనే వాడుకునే వస్తువు అయితే కన్స్యూమరే.

అయితే 2,650కి కమిషన్ దాకా వెళ్ళమని నేను చెప్పను. ఒక మంచి ఈమెయిల్‌కి అయ్యే పనే ఇది.

గంటస్తంభం (ఉదయం 10:10)

చూశారా, చాకు కాస్తా కోర్టుకెక్కింది. అందుకే మన దగ్గర ఎవడూ ఏదీ తయారు చెయ్యడు. నా దాని మీద కూడా నంబరు లేదు, దానివల్ల నాకు వచ్చిన నష్టం కూడా లేదు.

కొలిమి పక్కోడు (ఉదయం 11:30)

నర్సరీ అన్నా, ఆవగింజంత అంటే ఇంక వాదన అక్కర్లేదు, ఆ చాకు అంటు పనికి వాడకు. మడమ కోణం తేడా కొట్టింది, లేదా పట్టీ పొట్టిగా ఉంది. రెండిట్లో ఏదైనా బ్లేడో పట్టీయో మార్చాల్సిందే. మార్కర్ ఫొటో పంపించు అతనికి. "జారుతోంది" అంటే మాట, చుక్క చూపిస్తే కొలత.

మరో సంగతి చెప్తా, పదును గురించి. కొత్త చాకు భలే తెగుతోందన్నావు కదా, రెండు వారాలకే మొద్దుబారిందంటే స్టీలు చెడ్డదని వెంటనే అనుకోకు. బెల్టు మిషన్ మీద హడావిడిగా పదును పెడితే సన్నటి అంచు వేడెక్కి మెత్తబడిపోతుంది, పైపైన మాత్రమే. సానరాయి మీద రెండు మూడు సార్లు పట్టి ఆ మెత్తదనం పోయాక కింద అసలు స్టీలు బయటపడుతుంది, అప్పుడు చూసుకో దాని గుణం. మా నాన్న అయితే కొత్త కొడవలి ఇచ్చేటప్పుడే చెప్పేవాడు, మొదటి వారం దీన్ని తిట్టకండి అని. పదును పోతే మళ్ళీ తెచ్చేవాళ్ళు, పాతికేళ్ళ క్రితం సగం మందికి డబ్బుల లెక్క కూడా లేదు, పంట రాగానే మేర, అంటే కూలికి బదులు ధాన్యం, కొలిచేవాళ్ళు. వంకర కొడవలి ఇచ్చాడనుకో, మేర కొలిచేటప్పుడు ఆ వంకర అంతా కుంచంలో కనపడేది.

డీ2 గురించి కూడా, అది పూర్తి స్టెయిన్‌లెస్ కాదు. క్రోమియం పన్నెండు శాతం దాకా ఉంటుంది గానీ కార్బన్ కూడా ఒకటిన్నర శాతం ఉండటంతో క్రోమియంలో బోలెడంత దానికే అతుక్కుపోతుంది, తుప్పుని ఆపడానికి మిగిలేది తక్కువ. మీది సముద్రం గాలి, పైన జీడిమామిడి పండు రసం, చెమట. తుడవకుండా రాత్రి జేబులో వదిలేస్తే తెల్లారేసరికి నల్లటి మచ్చలు. కొబ్బరినూనె రాయకు, మీ ఊళ్ళో అదే దొరుకుద్దని తెలుసు, కొన్నాళ్ళకి జిగురు కట్టేస్తాది. కుట్టు మిషన్ ఆయిలు ఒక్క చుక్క.

మడత చాకే కావాలి, ఈ గొడవ వద్దు అంటే ఫ్రెంచి వాళ్ళ ఓపినెల్ చూడు. చెక్క పిడి, మెడ దగ్గర ఒక ఇనప రింగు, తెరిచాక రింగు తిప్పితే లాకు, 1955 నుంచి అదే పద్ధతి. లైనరూ లేదు, కోణమూ లేదు, రింగు కంటికి కనపడుతుంది తిప్పావో లేదో. ఒకటే బాధ, వానాకాలం చెక్క ఉబ్బి బ్లేడు బయటికి రానంటుంది. పిడి వెనక భాగం బల్లకేసి టక్కున కొడితే కొంచెం బయటికొస్తాది, అప్పుడు గోరుతో పట్టుకుని లాగాలి.

ఉద్దానం నర్సరీ (పదిహేడు రోజుల తరవాత, రాత్రి 8:50)

అప్‌డేట్ ఇద్దామనుకుంటూనే లేటయింది, సీజను.

లా పాయింటు గారు చెప్పినట్టు ఈమెయిల్ రాశాను, తేదీలన్నీ వేసి. మార్కర్ ఫొటో, వీడియో పెట్టాను. మర్నాడు పొద్దున్నే ఫోన్. ఈసారి ఆ మర్యాద కుర్రోడు కాదు, చాకులు స్వయంగా చేసే అతను. ఫొటో చూసి ఒక నిమిషం మాట్లాడలేదు. తరవాత తనే చెప్పాడు, ఫస్ట్ బ్యాచ్ మధ్యలో మడమ రుద్దే బిగింపు ఒకటి లూజయిందట, దాన్ని మళ్ళీ బిగించారట గానీ అప్పటికే ఎన్ని చాకులు అలా వెళ్ళిపోయాయో లెక్క లేదన్నాడు. అడిగితే ఇంకో మాట కూడా ఒప్పుకున్నాడు, మొదటిసారి నా చాకు రిపేరుకి వెళ్ళినప్పుడు అది ఇతని దాకా రానే లేదు, ప్యాకింగ్ చూసే వాళ్ళే స్క్రూ సర్ది, ఆయిలేసి, కార్డు రాసి పంపేశారు.

కొత్త చాకు పంపించారు, పాతది వాళ్ళ ఖర్చుతోనే తీసుకెళ్ళారు, నా 140 కూడా వేశారు. కొత్తదానికి మార్కర్ పెట్టి చూశాను, పట్టీ సగం దాకా చక్కగా గీకింది. గుడ్డ మీద పెట్టి బరువంతా వేసినా కదల్లేదు. క్లిప్పు స్క్రూ ఒకటి తల అరిగిపోయి వచ్చింది, టీ6 (నక్షత్రం మొన) బిట్టు పెడితే గిర్రున తిరుగుతోంది. నేనింక దాని గురించి నోరెత్తలేదు, ఓపిక లేదు.

అంటు పనికి మాత్రం పలాస అక్క చెప్పినట్టు మడత లేనిదే తీసుకున్నాను. ఇది కొబ్బరి తోటకి, జేబుకి. మా ఆవిడకి అసలు రేటు ఈ కొరియర్ల గొడవలో తెలిసిపోయింది.

పైడిభీమవరం బి షిఫ్ట్ (రాత్రి 9:25)

సంతోషం అన్నా. ఒకటే అడుగుతా, ఆ బ్యాచ్ కొన్న మిగతా వాళ్ళకి మెసేజ్ పెట్టారా వాళ్ళు? ఎవరెవరు కొన్నారో ఆర్డర్ లిస్టు ఉంటుంది కదా, నంబర్లు లేకపోయినా అందరికీ ఒక మెసేజ్ పెట్టి మార్కర్‌తో చూసుకోమంటే అయిపోయేది.

ఉద్దానం నర్సరీ (రాత్రి 9:31)

నేనూ అదే అడిగాను బాబూ. ఫోన్లో "ఆలోచిస్తున్నాం సార్, పేజీకి చెడ్డపేరు వస్తుందేమోనని" అన్నాడు. మొన్న మళ్ళీ వాట్సాప్‌లో అడిగాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, అంతే.

గంటస్తంభం (రాత్రి 11:14)

ఇంట్లో మార్కర్ లేదు, మా అమ్మాయి స్కెచ్ పెన్ను పెట్టి చూశాను.

నాదీ మూల మీదే ఉందండీ. చుక్కంత.

మూడు నెలలుగా పార్సిళ్ళకీ మామిడికాయలకీ తప్ప వాడలేదు కాబట్టి తెలీలేదు. పోయిన ఆదివారం మా అమ్మాయే పట్టుకుని పెన్సిల్ చెక్కుకుంది దాంతో.

నర్సరీ గారూ, ఆ చాకులు చేసే అతని నంబరు ఉంటే మెసేజ్ పెట్టండి, ముందు ఫోన్ ఎత్తే అబ్బాయిది కాదు. అలాగే విజయనగరంలో చాకు అని చెప్పినా తీసుకునే కొరియర్ ఏదైనా ఉంటే ఎవరైనా చెప్పండి.